నిమిషం లెక్కన

రాత్రి పదకొండు దాటాక
రాజోలులో మా మేడ మీది గదిలో
అమెరికాలో ఒకమ్మాయి చచ్చిపోతుంది.
మొదటి మూడు నిమిషాల్లోనే. ఎప్పుడూ అంతే.
పేరు తెలిసేలోపు బూట్లు కనిపిస్తాయి,
గడ్డిలో, ఒకటి బోర్లా.
నేను హెడ్‌ఫోన్ సర్దుకుని
ఆమె ఆఖరి మాటల్ని తెలుగు చేస్తాను.
కేకకి తెలుగేమిటి! అయినా
నిమిషం లెక్కన డబ్బులిస్తారు, కేకక్కూడా.

నాలుగేళ్ళుగా ఇదే పని.
ఆ దేశంలో కిలో వంకాయలు ఎంతో నాకు తెలీదు.
వానొస్తే ఆరేసిన బట్టలు ఎవరు తీస్తారో తెలీదు.
వాళ్ళ చెరువుల అడుగున ఎవరున్నారో,
పక్కింటి మర్యాదస్తుడు రాత్రిళ్ళు ఎక్కడికెళ్తాడో,
ఫ్రీజరుకి తాళం ఎందుకేశాడో
అడగండి, చెప్తాను.
ఒక్కోసారి అనుమానం,
అక్కడివాళ్ళకీ వాళ్ళ దేశం ఇంతే తెలుసేమోనని.
ఎవరైనా తలుపు కొడితే
మనిషికంటే ముందు ఎపిసోడు గుర్తొస్తుందేమోనని.

"మౌనంగా ఉండే హక్కు మీకుంది."
ఈ ఒక్క వాక్యం ఏడుసార్లు తిరగరాశాను.
పెదాలకి సరిపోదు. ఆ పోలీసు నోరు మూసేసరికి
నా తెలుగు ఇంకా హక్కు దగ్గరే ఉంటుంది.
చివరికి కుదిరింది:
"నోరు విప్పనక్కర్లేదు నువ్వు."

సందులో పిల్లలు పట్టేసుకున్నారు.
ఒకణ్ణి గోడకానించి, చేతులు వెనక్కి విరిచి
కొబ్బరితాడుతో కట్టి అదే మాట.
అది నాదని ఎవరికీ చెప్పలేదు.
కొంచెం గర్వంగానే ఉండేది.

శ్రావణంలో, లాకుల దగ్గర
గుర్రపుడెక్కలో చిక్కుకుని
గుబ్బల అప్పన్న తేలాడు. పీచు మిల్లు కూలి.
"ముట్టుకోకండి, వేలిముద్రలు పోతాయి!"
కిళ్ళీకొట్టు భద్రం అరిచాడు.
"గోళ్ళ కింద చూడమనండి," అంది పాలకేంద్రం ఆదిశేషమ్మ.
పసుపు రిబ్బను లేక
హెడ్డుగారు రెండు కొబ్బరిచెట్లకి పీచుతాడు కట్టించారు.
అప్పన్న పేనిన తాడే అయ్యుండొచ్చు.
గట్టు నిండా జనం. అందరం ఎదురుచూశాం,
పొడుగు కోటు వేసుకుని, నిద్రలేని కళ్ళతో
పెళ్ళాం వదిలేసిన ఒకాయన కారు దిగుతాడని.
మోపెడ్ మీద రైటరు దిగాడు.
పంచనామాకి తెల్లకాగితాలు ఉన్నాయా ఎవరి దగ్గరైనా, అన్నాడు.

అప్పన్న చెల్లెలు మంగతాయారు
మూడు రోజులు స్టేషను మెట్ల మీద కూచుంది.
తోడు నేను.
జారి పడ్డాడని రాసుకున్నారు.
"ఆడికి ఈతొచ్చండి. కాలవలోనే పెరిగాడండి.
మిల్లులో గొడవైందండి ముందురోజు, ఆయ్..."
కుర్ర కానిస్టేబులు సెల్లులోంచి తల ఎత్తి
సరదాగానే అన్నాడు:
"నోరు విప్పనక్కర్లేదు నువ్వు."

అక్షరం మారలేదు.
హక్కు తీసేసింది నేనే కదా,
పెదాలకి సరిపోవాలని.

మొన్న పొద్దున్నే పాలకోసం కిందికొస్తే
సిమెంటు రోడ్డు మీద ఒకడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు.
వాడి చుట్టూ ముగ్గుపిండితో గీస్తోంది
మంగతాయారు కూతురు.
"కదలకురా, మావయ్యవి నువ్వు."
బడిగంట కొట్టారు. వాడు లేచి దులుపుకుని పోయాడు.
గీత ఉండిపోయింది, ఒక చెయ్యి పైకెత్తి.
బియ్యప్పిండి కదా,
చీమలొచ్చాయి పాదాల వైపునుంచి.
తొమ్మిదింటికి మోకాళ్ళు లేవు.

మేడెక్కి పాత ఫైలు తెరిచాను.
"మౌనంగా ఉండే హక్కు మీకుంది" అని కొట్టి
పంపేశాను.
మధ్యాహ్నం అన్నం తింటుంటే తిరిగొచ్చింది.
అర సెకను ఎక్కువైందట.